డాబా మీది ఉప్పు

చాలా ఏళ్ళపాటు మా ఇంట్లో తెల్లవారడమంటే నెత్తి మీద అడుగుల చప్పుడు. బయట మెట్ల మీంచి ఆడవాళ్ళు డాబా ఎక్కేవారు. ముందు బరువైన పాదాలు, వెనక తేలికపాటివి, ఆ తరవాత బుట్ట దింపిన చప్పుడు, ఆ మీదట మాటలు. నేను కింద వంటింట్లో పొయ్యి వెలిగిస్తూ మా ఆయనతో "మీ చుట్టాలొచ్చారు" అనేదాన్ని. ఆయన దుప్పట్లోంచే "టీ ఇవ్వకపోయావా" అనేవారు. ఇచ్చేదాన్ని కాదు. నాకు ఆ చేపల వాసనంటే ఒళ్ళుమంట.

మా ఇల్లు భావనపాడులో సముద్రానికి దగ్గరి వీధిలో ఉంది. మా ఆయన అక్కడి బడిలో మేష్టరు. ఇల్లు కట్టుకున్ననాటికి ఆ వీధిలో స్లాబు వేసిన ఇల్లు మాదొక్కటే. మిగిలినవన్నీ తాటికమ్మలూ రేకులూ. చేపలు ఇసకలో ఆరబెడితే కుక్కల బాధ. పక్కింటామె ఒకరోజు వచ్చి ఆయన్ని అడిగింది. "మేస్టరు బాబూ, మేడ కాళీగానే ఉన్నాది గదా, మా సేపలు నాలుగు ఆరబెట్టుకుంటాం." ఆయన "దానికేముంది" అనేశారు. నన్ను మాటవరసకైనా అడగలేదు. ఆ వారమంతా నేను ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయనకి ఆ సంగతి తెలిసినట్టే లేదు. దాంతో నాకు ఇంకా మండింది.

నేను మెట్టపొలాల మనిషిని. రామతీర్థం పక్కన మా ఊరు. చోళ్ళు, నువ్వులు, గోగు పండించుకునే ఇల్లు మాది. చేపలు తినడం తెలుసుగానీ చేపల మధ్య బతకడం తెలీదు. భావనపాడు వచ్చిన కొత్తలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఆ వాసన కాదు, నీళ్ళు. బోరు వేస్తే ఉప్పు. బట్టలు ఉతికితే నురగ రాదు, పప్పు పెడితే ఉడకదు. కుళాయి నీళ్ళు వచ్చిన రోజున బిందెలు నింపుకుంటే అవి తాగడానికీ వండుకోవడానికీ సరి. పెరట్లో ఏ మొక్క పెట్టినా నాలుగు ఆకులు వేసి, తరవాత నా మొహం చూస్తూ చచ్చిపోయేది. పుట్టింట్లో మా అమ్మ చూరు కింద గోలెం పెట్టి, పెంకుల మీంచి జారిన వాన నీళ్ళతో పాదంతా ఆనపకాయలు కాయించేది. ఆ మాట ఆయనతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. విని విని ఒక వేసంగిలో ఆయన మా ఊరినుంచి నిమ్మ మొక్క తెచ్చారు. దాంతోపాటు చెరువు మట్టి గోనెసంచుల్లో కట్టించి ఆటోలో వేయించుకొచ్చారు. ఇసకలో ఇంత గొయ్యి తవ్వి, ఆ మట్టి నింపి, మొక్క పెట్టి, "ఇది కాస్తుంది చూడు" అన్నారు. ఆ కాయలు చూడకుండానే ఆయన పోయారు.

మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. అన్నయ్య తనతో వచ్చెయ్యమన్నాడు. నేను రానన్నాను. ఎందుకు రానన్నానో అప్పుడు నాకే తెలీదు. ఇప్పుడు చెప్పగలను, ఆ మొక్క కోసం. మొక్కని వదిలేసి వెళితే ఆయన్ని రెండోసారి పంపేసినట్టుంటుందని నా మనసులో పడిపోయింది.

ఒంటరితనం పుస్తకాల్లో రాసినంత గొప్పగా ఉండదు. నిజానికది ఏమిటంటే, పొద్దున్నించి పడుకునేదాకా నోరు తెరవాల్సిన పని పడకపోవడం. కూరలో ఉప్పు తక్కువైతే చెప్పేవాళ్ళు ఉండరు. టీవీ పెట్టుకుంటే అది నా మాట వినదు. కొన్నాళ్ళకి నేను గిన్నెలతో పోట్లాడటం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో నాకు మనిషి గొంతు వినిపించేది పైనుంచే. పక్కింటామె డాబా ఎక్కగానే పిట్టగోడ మీంచి వంగి కేకేసేది. "మేస్టరమ్మా, లెగిసినావేటి?" నేను పలక్కపోతే మడమతో స్లాబు మీద దబదబ తొక్కేది. "ఆఁ, లేచాను, ఇల్లు కూల్చకు" అని అరిచేదాన్ని. పైన అందరూ నవ్వేవారు. రోజంతటిలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగారంటే అదొక్క ప్రశ్నే. చేపల వాసన నాకు ఎప్పుడు అలవాటైపోయిందో తెలీదు. టీ కూడా ఇవ్వడం మొదలుపెట్టాను. కేను నిండా పోసి మెట్ల మీద పెడితే ఆవిడే దిగొచ్చి పట్టుకెళ్ళేది.

ఇలా ఉండగా నిమ్మచెట్టు నీరసించింది. నా నడుం ఎత్తు దాటి, మరి పెరగనని మొండికేసింది. కుళాయి నీళ్ళలో నా వంతు తగ్గించుకుని పోసినా దానికి చాలటం లేదు. మా అమ్మ గోలెం గుర్తొచ్చింది. ఇంత డాబా ఉంది, దాని మీద పడ్డ వానంతా గొట్టంలోంచి వీధిలోకి పోతోంది. దాన్ని పట్టుకుంటే చాలు కదా అనుకున్నాను.

టెక్కలినుంచి ప్లంబర్ని పిలిపించాను. అతను డాబా, పెరడు అంతా చూసి, "సంద్రం పక్కన కూకోని నీలు దాసుకుంటావేటమ్మా" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడుగానీ పని బాగా చేశాడు. భూమిలోకి దింపితే అడుగునుంచి ఉప్పునీరు ఊరుతుందని, సిమెంటు వరలు నేల మీదే ఒకదాని మీద ఒకటి పేర్చి, కీళ్ళు పూడ్చి తొట్టి కట్టాడు. డాబా గొట్టం దాని మీదికి తిప్పాడు. గొట్టం నోటి దగ్గర కంకర, బొగ్గులు, ఏటి ఇసక వేసిన డబ్బా పెట్టాడు. పైన మూత, మూత కింద దోమతెర. వీటన్నిటికీ ముందు గొట్టానికి, నీళ్ళు తొట్టిలో పడకుండా వీధిలోకి పోయేలా ఒక పక్కదారి పెట్టించాను. మా అమ్మ తొలివానకి గోలెం పక్కకి జరిపేసేది. పెంకుల మీది దుమ్మూ, కాకి రెట్టలూ కడుక్కుపోయాక, రెండో వానకి చూరు కిందికి లాగేది. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. చెట్టు మొదట్లో కూడా మా ఊరి పద్ధతే. కాల్చిన మట్టి కుండకి అడుగున సన్నటి చిల్లి పెట్టి, గుడ్డ పీలిక దూర్చి, మెడదాకా పాతిపెట్టాను. కుండలో నీళ్ళు పోస్తే వేరుకి మెల్లగా అందుతాయి, ఎండకి పోవు. చుట్టూ కొబ్బరి పీచు పరిచాను.

ఆషాఢంలో తొలివాన పడింది. పక్కదారి తెరిచి వదిలేశాను. రెండో వానకి మూసేశాను. గొట్టంలోంచి నీళ్ళు తొట్టిలోకి దూకుతుంటే గొడుగు కూడా మరిచిపోయి పెరట్లో నిలబడ్డాను. తడిసిపోతున్నాను, నవ్వొస్తోంది, ఎవరికి చెప్పాలో తెలీలేదు. చెట్టుకే చెప్పాను. "తాగు, కడుపునిండా తాగు" అన్నాను.

అది తాగింది. తాగినకొద్దీ పాడైపోయింది. ముందు ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. తరవాత కొసలు మాడిపోయి, వేలితో తాకితే రాలిపోయేవి. పురుగేమో అనుకుని వేపనూనె కొట్టాను. బలం చాల్లేదేమోనని పశువుల ఎరువు వేశాను. నీళ్ళు చాలటం లేదేమోనని ఇంకా పోశాను. ఆఖరికి తిట్టాను కూడా. ఏం చేసినా రాలడం ఆగలేదు.

సంగతి బయటపడింది పప్పు దగ్గర. వాన నీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుందని మా అమ్మ అనేది. ఒకరోజు కుళాయి రాకపోతే తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. ఎంతసేపు పెట్టినా గింజ గింజలాగే ఉంది. గరిటెతో తీసి నాలిక మీద వేసుకున్నాను. నేనింకా ఉప్పు వెయ్యలేదు. అయినా ఉప్పగా ఉంది, దాని వెనక సన్నగా ఎండుచేప వాసన.

పొయ్యి ఆర్పి డాబా ఎక్కాను. అప్పటికి ఆడవాళ్ళు చేపలు పరిచి వెళ్ళిపోయారు. ఒక చాప ఎత్తి చూశాను. దాని కింద స్లాబు తెల్లగా ఉంది. బీటల్లో, పిట్టగోడ మొదట్లో, గొట్టం నోటి చుట్టూ ఎక్కడ చూసినా ఉప్పు పేరుకుని ఉంది. ఇన్నేళ్ళుగా చేపలకి పట్టించిన నౌపడ ఉప్పంతా మా డాబా తాగింది. పెంకుల మీది దుమ్ము తొలివానకి పోతుంది. ఈ ఉప్పు నాలుగు వానలకి కూడా పోదు. నా చేత్తో నేను, గుడ్డపీలిక పెట్టి మరీ, వేరుకి అందేలా, చెట్టుకి ఉప్పునీళ్ళు పట్టాను.

కోపం ఎవరి మీద రావాలో తెలీనప్పుడు దగ్గరున్నవాళ్ళ మీదికి వస్తుంది. మర్నాడు పొద్దున్న పైనుంచి "లెగిసినావేటి" అని కేక వినిపించగానే మెట్లెక్కి వెళ్ళాను. బుట్ట అప్పుడే దింపుతున్నారు. "ఇకమీదట మా డాబా మీద చేపలు వెయ్యొద్దు" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

పక్కింటామె నడుం ఎత్తి చూసింది. "ఏటైనాది మేస్టరమ్మా?"

"మీ ఉప్పు దిగి మా చెట్టు చచ్చిపోతోంది."

ఆవిడ నా మొహంకేసి చూసింది, పిట్టగోడ మీంచి వంగి చెట్టుకేసి చూసింది. నేను పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను. ఇన్నేళ్ళు లేని బాధ ఇప్పుడొచ్చిందా అంటుందనుకున్నాను. అంటే అనాల్సినవన్నీ నా దగ్గర తయారుగా ఉన్నాయి. ఆవిడ ఒక్క మాటే అంది. "ఓలమ్మ, మేస్టరు సెట్టు గదా." అని, వెనకున్నవాళ్ళతో "ఎత్తండే బుట్టలు" అంది. చాపలు చుట్టుకున్నారు. మెట్లు దిగుతూ ఆవిడ చీపురు తీసుకుని చివరి మెట్టుదాకా తుడుచుకుంటూ పోయింది.

ఆ తరవాత నేను చేసిందంతా చెట్టు కోసమే. కొబ్బరి చీపురుతో డాబా అంతా రుద్ది రుద్ది రాకాను. బీటలు గీకి సిమెంటు పూశాను. తొట్టి ఖాళీ చేసి కడిగాను. శ్రావణంలో పడ్డ వానలన్నీ పక్కదారినే వదిలేశాను. వాన వెలిసినప్పుడల్లా గొట్టం నోటి దగ్గర దోసిలి పట్టి రుచి చూసేదాన్ని. ఆశ్వయుజం తుఫాను వానలకిగానీ నీళ్ళలో ఉప్పు పోలేదు. అప్పుడు పట్టాను. తొట్టి అంచుదాకా నిండింది. ఆ నీళ్ళతో పప్పు నిజంగానే వెన్నలా ఉడికింది. చెట్టు మొదట్లో ముందు కొన్నాళ్ళు విడిగా పోసి, మట్టిలోని ఉప్పు కిందికి దింపాను. మళ్ళీ కుండ నింపడం మొదలుపెట్టాను. కార్తీకానికి కొత్త చిగుళ్ళు వచ్చాయి, లేత ఎరుపులో. వాటి వెంట పూత కూడా వచ్చింది.

అనుకున్నదంతా అయింది. ఇల్లు మాత్రం బొత్తిగా నిశ్శబ్దంగా అయిపోయింది. పొద్దున్నే మెలకువ వచ్చేసేది. పైకప్పుకేసి చూస్తూ పడుకునేదాన్ని. అడుగులు లేవు, బుట్ట లేదు, లేచానా అని అడిగేవాళ్ళు లేరు. చేపల్లేకపోతే కాకులు కూడా రావని అప్పుడే తెలిసింది. నేను లేవకపోయినా ఎవరికీ తెలీదు కదా అని ఒకరోజు నిజంగానే లేవలేదు. మధ్యాహ్నందాకా అలాగే పడుకున్నాను. ఎవరికీ తెలీలేదు.

వీధిలో ఆవిడ ఎదురుపడితే పలకరించేది. "సెట్టెలాగున్నాది?" అని అడిగేది. బాగుందనేదాన్ని. "అంతే సాలు" అని వెళ్ళిపోయేది. నేనెలా ఉన్నానని అడగలేదు. అడగాలని ఆవిడకెలా తెలుస్తుంది?

ఫాల్గుణంలో చెట్టు మొదటి కాయలు దిగాయి. పసుపు తిరిగిన కాయ ఒకటి కోసి, ఆయన ఫోటో దగ్గర పెట్టి, తరవాత తీసి పులిహోర కలుపుకున్నాను. ఒక్కదానికే పులిహోర. కలపడం అయ్యాక ఆ పళ్ళెం ముందేసుకుని ఏడ్చాను. కాయలు బాగా కాశాయి, రోజూ రాలుతున్నాయి. ఒక్క మనిషికి ఎన్ని నిమ్మకాయలు కావాలి? మిగిలినవి సంచిలో వేసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాను.

ఆడవాళ్ళు అక్కడ గెడలు పాతి, వాటి మీద వలలు కట్టి చేపలు ఆరేసుకుంటున్నారు. కాయలు అందరూ పంచుకున్నారు. ఒకామె వాసన చూసి "మేస్టరు కాయలు" అంది. అసలు సంగతి అప్పుడు చెప్పాను. దార్లో నడుస్తూ ఆలోచించుకున్నదే. మాఘం నించి జ్యేష్ఠందాకా మన వైపు చెప్పుకోదగ్గ వానేదీ పడదు. ఆ నెలల్లో పైన చేపలు వేసుకుంటే నాకొచ్చే నష్టం లేదు. వేసంగిలో సర్కారు వేట నిషేధం పెట్టాక చేపలెలాగూ ఉండవు, అప్పుడు డాబా రాకి కడుక్కోవచ్చు, కొన్ని వానలు వదిలెయ్యొచ్చు. "మళ్ళీ మా డాబా మీద వేసుకోండి" అన్నాను.

పక్కింటామె తల అడ్డంగా ఊపింది. "వద్దులే మేస్టరమ్మా. ఇక్కడ బాగానే ఉన్నాది."

"కుక్కలు రావూ?"

"వస్తాయి. తోలుకుంటాం. మల్లా ఆ సెట్టుకేటైనా అయితే మేం సూడలేం. ఆ బాబు మాకు కాదనకుండా ఇచ్చినాడు. ఆ సెట్టొక్కటీ బతకనీ."

ఆవిడకి నా మీద కోపమేమీ లేదు. ఉంటే బతిమాలి ఒప్పించేదాన్ని. నా చెట్టు మీద నాకెంత మమకారమో వాళ్ళకీ అంతే ఉంది. అందుకే రారు. ఇంటికొస్తూ దారంతా నా మీద నాకే విసుగేసింది. చెట్టు పచ్చగా ఉన్నంతకాలం వీళ్ళు మెట్లెక్కరు. ఇక నోటితో ఎంత చెప్పినా లాభం లేదనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, ఆవిడ కంట పడకుండా వేరే వాళ్ళ దగ్గర బుట్టెడు కానాగంతలు కొన్నాను. నౌపడ ఉప్పు పొట్లం ఇంట్లో ఉంది. పెరట్లో పీట వేసుకుని చేపల పొట్టలు చీల్చాను. సగం చిదిమేశాను, వేలు కోసుకున్నాను, ఆ కోతలోకి ఉప్పు దిగి గిలగిల్లాడాను. ఆ రోజంతా, రాత్రంతా కుండలో ఉప్పులో ఊరనిచ్చి, తెల్లారి డాబా ఎక్కాను. ముందు గొట్టం నోట్లో గుడ్డ కుక్కి, పైన గట్టిగా కట్టేశాను. తరవాత పాత చాప పరిచి, చేపల్ని ఒక్కొక్కటే పెట్టాను. ఉప్పునీరు చాపలోంచి ఊరి, నేను గోళ్ళు అరిగేలా రాకిన స్లాబు మీదికి పాకుతోంది. కింద చెట్టుకేసి చూశాను. "నువ్వు తొట్టిలో నీళ్ళు తాగు. నాకూ ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నాను. తొట్టి సగానికి పైగా ఉంది. వేసంగి దాటిస్తుందో లేదో తెలీదు. ఆ భయం నాకుంది, లేదని చెప్పను.

కాకులు వచ్చాయి. వాటిని తోలుకుంటూ కూర్చున్నాను. ఎండ ఎక్కుతుండగా వీధిలోంచి గొంతు వినిపించింది. "ఎవులది మేడ మీద?"

"నేనే."

"ఏటి సేత్తన్నావు?"

"కనపడ్డం లేదూ? చేపలు ఎండబెడుతున్నాను."

ఆ తరవాత మెట్ల మీద బరువైన పాదాలు. పక్కింటామె పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ముందు గొట్టానికి కట్టిన గుడ్డకేసి చూసింది. తరవాత నా వేలి కట్టుకేసి. ఆ తరవాత చాపకేసి.

"నీకేటైనా పిచ్చి పట్టినాదేటి? సెట్టు సచ్చిపోతాది."

"వానలకి ముందు కడుక్కుందాం."

"ఎవులు కడుగుతారు?"

"నువ్వూ నేనూ."

ఆవిడ వంగి ఒక చేప ఎత్తింది. "ఇలగ బోర్లా పడుకోబెట్టినావు, సీల్సిన పక్క ఎండకుండాల గదా. కుళ్ళిపోనాయి సగం" అని విసుక్కుంటూ చాప మీద చతికిలబడి ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. "నువ్వెల్లి టీ పెట్టు."

దిగి వంటింట్లోకి వచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టాను. పైన ఆవిడ లేచి ఆ చివరికి నడిచింది, మళ్ళీ ఈ చివరికి. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నేను కదల్లేదు, నా నెత్తి మీద మనిషి నడుస్తోంది. ఇంతలో మడమతో దబదబ తొక్కింది.

"మేస్టరమ్మా, ఉన్నావేటి?"

"ఉన్నాను" అన్నాను. అది ఆవిడకి వినిపించలేదు. మళ్ళీ గట్టిగా, ఇల్లంతా వినపడేలా అరిచాను.